ఇంట్లోనే ఉన్నాను

నాలుగు దాటి ఐదు నిమిషాలు. వదిన ఐదింటికి వస్తానంది, అంటే ఐదింటికి గుమ్మంలో ఉంటుంది, భార్యకి అక్కగా ఆవిడను ఎరిగిన ఈ ఇరవయ్యేళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ అవడం అతను చూడలేదు, కాబట్టి ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఈలోగా ఈ దిక్కుమాలిన తెర మీద ఒక్క మాట కనిపిస్తే చాలు, ఒక్కటంటే ఒక్కటి, అదేం గొంతెమ్మ కోరిక కాదు కదా, కానీ అది మళ్లీ నల్లబడింది, తెల్లబడింది, మళ్లీ నల్లబడింది, నీళ్లలో పడ్డ మనిషిలా నాలుగుసార్లు మునిగి తేలి, చివరికి నలుపూ కాక తెలుపూ కాక ఒళ్లంతా బూడిద పూసుకుని కూర్చుంది. అతను వైరు పీకాడు, మళ్లీ గుచ్చాడు. మళ్లీ అవే మునకలు, అదే బూడిద. ఇరవై రెండేళ్లుగా లిఫ్టు మెకానిక్కు అతను, ఎనిమిది మందిని మోసే పెట్టెను పదో అంతస్తులో బ్రేకు మీద ఆపి దాని నెత్తిన నిలబడి పనిచేసిన మనిషి, అలాంటివాడు ఇప్పుడు నోటుపుస్తకమంత పలకని రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎత్తుతున్నాడు, గట్టిగా ఊపిరి వదిలితే విరిగిపోయేలా ఉంది ఇది, దీన్ని బోర్డుకి కలిపే రిబ్బన్ కేబులైతే మరీ, ఉల్లిపొర నయం. హాలుకి అవతల భార్య గది తలుపు మూసే ఉంది. తలుపు పక్కన గోడకి ఆనించి నీలం సంచి. జిప్పు లాగేసి ఉంది. చీకట్లోనే సర్దుకుంది, లైటు వేయకుండా, ఏ చీర ఏదో చేత్తో తడిమి తెలుసుకుని, అతన్ని ఒక్క మాట సాయం అడగకుండా.

దీన్ని ఈ-పేపర్ అంటారట. టీవీకీ ఫోనుకీ ఉన్నట్టు లోపల దీపం ఉండదు, కాగితం మీద సిరాతో రాసినట్టే ఉంటుంది, గదిలో ఎంత వెలుగుంటే అంతే కనిపిస్తుంది. అందుకే తెచ్చాడు, సరదాకి కాదు, చేతులు దురద పెట్టి కాదు. ఏడాదిన్నర నుంచి ఆమె కళ్లు వెలుగుని ఓర్చుకోవడం లేదు. ఓ పొద్దున లేచి తల పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే ఉండిపోయింది, ఫోను తెర చూస్తే కణతల్లో మేకులు దిగుతాయంటుంది, కిటికీ తెర పక్కకి తప్పుకుంటే మూలుగుతుంది, గిన్నె కింద పడితే దుప్పటి ముసుగేసుకుంటుంది. డాక్టర్లు తలని అడ్డంగా నిలువుగా ఫొటోలు తీసి లోపల ఏమీ లేదన్నారు, ఏమీ లేకపోతే ఇంత నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఒక్కడూ చెప్పలేదు, చదువుకున్న వాళ్లకి అదో సౌకర్యం, తెలియదు అనే మాటని కూడా పెద్ద పేరు పెట్టి కాగితం మీద రాసి చేతిలో పెడతారు. అంతకుముందు ఆమె జిరాక్సు షాపులో కంప్యూటరు మీద టైపు చేసేది, అర్జీలు, ఒప్పందాలు, పిల్లల ప్రాజెక్టులు, కీబోర్డు వంక చూడకుండా వాన పడ్డట్టు కొట్టేది. అతనేమో ఎనిమిదిలో బడి మానేసిన వాడు. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఉత్తరం వస్తే చదివేది ఆమె, స్టూలెక్కి బల్బు మార్చేది అతను, సంసారం అలా పంచుకున్నారు, బల్బులే అక్కర్లేని రోజు వస్తుందని ఎవరనుకున్నారు.

నాలుగూ పన్నెండు. మళ్లీ పిన్నులు చూసుకున్నాడు, ఎర్ర వైరు, నల్ల వైరు, పసుపు, నీలం, ఊదా రంగు వైరు బిజీ పిన్నుకి. బిజీ. ఆ పిన్ను పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. నేను పనిలో ఉన్నాను, నన్ను కదిలించకండి అని ఈ తెర బోర్డుకి చెప్పే తీగ అది, తెరకి ఏం చూపించాలో చెప్పే ఆ చిన్న వైఫై బోర్డేమో పాపం బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంది, తెర పని ఎప్పటికీ అవ్వకపోతే ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. లిఫ్టులో ఇలా ఉండదు. తలుపు మూసుకోలేదంటే ఇన్ని సెకన్లు చూస్తుంది, తర్వాత అలారం కొడుతుంది, అరిచి గోల చేస్తుంది. దీనికి అరవడం రాదు. మొదట్లో అదే నచ్చింది అతనికి. చప్పుడు చేయనిది, మెరవనిది, ఆమె మంచానికి ఎదురుగా గోడ మీద కాగితంలా పడి ఉండేది. అతని ఫోను ఇంటి వైఫైకి అందితే ఒక మాట, అందకపోతే మరో మాట, కాలింగ్ బెల్లుకి ఒక మాట, మందు టైముకి ఒక మాట. తలుపు తెరిస్తే వెలుగు పడుతుంది, పిలిస్తే తల పగులుతుంది, కాబట్టి తలుపూ తెరవకుండా, పిలుపూ లేకుండా మనిషి సంగతి మనిషికి తెలియాలి, అంతే కదా కావలసింది, అంతే అనుకున్నాడు. 

దీనికి ముందున్న పాత తెర మొదటిసారి వెలిగిన రోజు, వెలగడం కాదు, తేలిన రోజు, అక్షరాలన్నీ చెదిరిపోయి వచ్చాయి. ఈ బోర్డుకి ఇంగ్లీషు తప్ప రాదు, తెలుగు ఒత్తులు తీసుకెళ్లి పక్కన పడేసింది, గుడులూ కొమ్ములూ ఎవరికి వాళ్లే దూరంగా నిలబడ్డాయి. ఆ సాయంత్రం ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చి చూసి, నవ్వింది. "వీటికి కాళ్లూ చేతులూ ఎవరు విరగ్గొట్టారు?" అంది. అతనికి చిన్నతనమేసి తిప్పి పెట్టేయబోతే, "ఆగాగు, నీ చేత్తో కాగితం మీద రాయి, ఫొటో తీసి బొమ్మలా పెట్టు, బొమ్మ అయితే విరగదు," అంది. టైపు చేసే మనిషి బుర్ర కదా. "నా రాత నువ్వు చదవలేవు," అన్నాడు. "పెళ్లికి ముందు నువ్వు రాసిన చీటీలు చదివిన కళ్లివి. నొప్పి అప్పుడే మొదలవ్వాలి, అవ్వలేదు. రాయి." అలా రాశాడు, ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన రాతతో, స్కేలు కింద పెట్టి, ఆరు మాటలు, ఆరు బొమ్మలు. ఇంట్లోనే ఉన్నాను. డ్యూటీకి వెళ్లాను. దారిలో ఉన్నాను. ఎవరో వచ్చారు, నువ్వు లేవకు. మందు వేసుకో. పడుకో. ఆమె నవ్వడం అదే ఆఖరు, ఏడు నెలలైంది, ఆ తర్వాత కూడా నవ్విందేమో, గదిలో, ఒక్కతే, తెలియదు, తలుపు మూసే ఉంది కదా.

ఫోను బల్ల మీద గజగజలాడింది. వదినేమో అనుకున్నాడు. కాదు, కంపెనీలో అతనితోపాటు చేరిన బట్టతల మనిషి.

"గురూ, సెలవులో ఉన్నావని తెలుసు, తిట్టకు. మూడో లిఫ్టు బయట బోర్డు అయిదో అంతస్తని చూపిస్తోంది, పెట్టేమో రెండులో ఉంది."

"పెట్టె కళ్లతో చూశావా?"

"తలుపు సందులోంచి టార్చి వేసి చూశాను. నీ శిష్యరికం కాదూ మరి."

"అయితే ఆ నంబరు బోర్డు వైరు పీకి పారెయ్. తప్పు నంబరు కన్నా నంబరు లేకపోవడం నయం. లేకపోతే లేదని చూసుకుంటారు, ఉంటే నమ్మి కాలు పెడతారు."

"మేనేజరు డిస్‌ప్లే ఏదీ అంటాడు."

"మేనేజర్ని అయిదో అంతస్తులో కాలు పెట్టమను," అని పెట్టేశాడు. పెట్టేశాక అతని నోటి మాట అతని చెవిలోనే ఉండిపోయింది, నీళ్లు పోయినట్టు. నమ్మి కాలు పెడతారు. లేచి హాల్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, చెప్పుల్లేకుండా, మునివేళ్ల మీద, ఏడాదిన్నరగా సొంత ఇంట్లో దొంగలా నడవడం అలవాటైపోయింది. 

మామూలు తెర చచ్చిపోతే నల్లగా అయిపోతుంది, చచ్చిందని ఎవడికైనా తెలుస్తుంది. ఇది చచ్చినా ముఖం మారదు. కరెంటు పోయినా, బోర్డు బిగుసుకుపోయినా, ఆఖరున ఏ మాట రాసి ఉందో ఆ మాట అలాగే ఉంటుంది, నెలైనా, ఏడాదైనా, అప్పుడే రాసినట్టు. అమ్మేవాడు దాన్ని గొప్పగా చెప్పాడు, కరెంటే తినదు సార్ అని. ఆ రోజు, పన్నెండు రోజుల కింద, మధ్యాహ్నం రెండున్నరకి ఫోనొచ్చింది, ఆఫీసు బిల్డింగులో ముగ్గురు ఇరుక్కున్నారు, ఒకావిడకి ఊపిరాడటం లేదని. బూట్లు చేత్తో పట్టుకుని ఆమె తలుపు ముందు నుంచే దాటాడు. తట్టలేదు. బోర్డు చెప్తుంది కదా అనుకున్నాడు. గేటు దాటగానే డ్యూటీకి వెళ్లాను అని మారాలి, మారడం మొదలుపెట్టిందేమో కూడా, కానీ ఆ బిజీ తీగ దగ్గర బిగుసుకుపోయింది, తెర పని అవుతుందని బోర్డు, బోర్డు పిలుస్తుందని తెర, ఒకదాని కోసం ఒకటి, చేతులు కట్టుకుని. గోడ మీద మాత్రం అతని చేతిరాత, స్కేలు కింద పెట్టి రాసింది, ఇంట్లోనే ఉన్నాను. మూడింటికి ఆమెకి వాంతులు మొదలయ్యాయట. పిలిచిందట. మంచం అంచు పట్టుకుని పిలిచిందట, గొంతు పెంచితే తల పగులుతుంది, అయినా పెంచిందట. రెండు గంటలు. అతనేమో అటు ముగ్గుర్ని పెట్టెలోంచి చేయందించి పైకి లాగి, వాళ్ల చేత దేవుడివయ్యా అనిపించుకుని, ఎవరో ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి, ఆరున్నరకి ఇంటికొచ్చేసరికి ఆమె నేల మీద ఉంది, నుదురు మంచం కోడుకి తగిలి చీలింది. నాలుగు కుట్లు. కుట్లు వేస్తుంటే ఉలకలేదు పలకలేదు. ఇంటికొచ్చాక అక్కకి ఫోను చేసింది. అతనితో అవసరానికి ఒక ముక్క, నీళ్లు, చాలు, వద్దు. ఆ మర్నాడు కోపంతో తెరని గోడ మీంచి లాగితే రిబ్బన్ చిరిగింది, కాబట్టి అదీ చచ్చింది, ఈసారి నిజంగా. 

ఇది కొత్తది. నిన్న వచ్చింది. అదే కొలత, అదే నంబరు, అదే అట్టపెట్టె, అదే కొట్టు. పాతదానికి పనిచేసిన ప్రోగ్రామే వేశాడు, అక్షరం మార్చలేదు, పైగా ఈసారి తెలివి తెచ్చుకుని రెండు చేర్చాడు, ఇంత సేపట్లో తెర జవాబివ్వకపోతే బోర్డు తనంతట తాను ఆగి మళ్లీ మొదలవ్వాలి, ఒకటి, మాట కింద ఆ మాట రాసిన టైము అంకెల్లో పడాలి, రెండు, ఆగిపోతే ఆగిపోయిందని ఆమెకి తెలియాలి. అంతా బాగుంది, తెర మీద బూడిద తప్ప. నిన్న రాత్రి నుంచీ ఇలాంటివి చేసుకునేవాళ్లు ఇంటర్నెట్లో కూడే చోట అడుగుతున్నాడు, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, ఫొటోలు పెట్టి. ఒకడు ముందు మాన్యువల్ చదవమన్నాడు. ఇంకొకడు నీ సోల్డరింగ్ అతుకులు చూస్తే నాకు ఏడుపొస్తోంది అన్నాడు. వాడెవడో, ఏసీ గదిలో కూర్చుని, వాడి జన్మలో నూనె చేతులతో తాడు మీద వేలాడి ఉండడు. మూడోవాడు ఇలాంటివి కొనుక్కోవచ్చు కదా అన్నాడు. అందరూ తెలివైన వాళ్లే, వాళ్లకి సరదా ఇది, బాల్కనీలో మొక్కకి నీళ్లు కావాలో అక్కర్లేదో తెర మీద చూసుకుంటారు, మొక్క చస్తే ఇంకోటి తెచ్చుకుంటారు. నాలుగూ ముప్పై నాలుగు. పళ్లు నూరుకుంటూ మళ్లీ తెరిచాడు. కొత్త జవాబు ఒకటి, మూడు మాటలే, తిట్టు లేదు. వెనక స్టిక్కరు చూశారా. 

స్టిక్కరా. తిప్పాడు. వెనక అంతా అతనే వేసిన డబుల్ టేపు, ఫ్రేముకి అతుక్కోవాలని నిన్న పెట్టె విప్పిన అయిదు నిమిషాల్లో నాలుగు పట్టీలు వేశాడు, లెవెలు చూసి మరీ, తొందర, పనిచేస్తుందో లేదో చూడకముందే గోడకి ఎక్కించే ఏర్పాటు. లిఫ్టు పెట్టాక నేమ్‌ప్లేటు మీద రంగు కొట్టినవాణ్ణి అతనైతే చెంప పగలగొట్టేవాడు. గోటితో టేపు అంచు లేపాడు, మిల్లీమీటరు, ఇంకో మిల్లీమీటరు, కింద అద్దం విరిగితే ఇంతే సంగతులు, ఊపిరి బిగబట్టి, చెమట కంట్లోకి దిగుతుంటే తుడుచుకోకుండా, చివరికి బియ్యపు గింజంత స్టిక్కరు, చీమ తలకాయంత అక్షరాలు, వీ టూ. అంటే రెండో రకం. పైకి కవలల్లా ఉంటాయి, నంబరు ఒకటే, లోపలి మనిషి వేరు. మొదటి దానితో మాట్లాడిన మాటలు దీనికి అర్థం కావు, అందుకే మునకలు, అందుకే బూడిద. ఒక్క లైను. ప్రోగ్రాములో ఒక్క లైను మార్చాలి, పేరు చివర ఒక అక్షరం, ఒక అంకె. ఒక రాత్రీ ఒక పగలూ పోయాయి దానికి. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటినీ మింగి లైను మార్చి ఎక్కించాడు. 

నల్లబడింది. తెల్లబడింది. నల్లబడింది. తెల్లగా, ఈసారి పాలలా తెల్లగా, ఆ తెలుపులోంచి నెమ్మదిగా, నీళ్లు ఇంకిపోయాక రాళ్లు తేలినట్టు, ఇంట్లోనే ఉన్నాను. కింద 4:52.

అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 

ఫోను తీసుకెళ్లి గేటు బయట పెట్టొచ్చాడు, కాసేపటికి మారింది, తెచ్చాడు, మారింది. వైరు పీకాడు, మళ్లీ పెట్టాడు, లేచింది. ఇక వదిన ఏమంటుంది, ఏమనగలదు, ఇదిగో చూడండి వదినా, ఇప్పుడు అబద్ధం చెప్పదు, చెప్పాలన్నా చెప్పలేదు. సంచి మళ్లీ విప్పించాలి. మెట్ల మీద చెప్పుల చప్పుడు, బెల్లు కొట్టకుండా తలుపు మీద వేలితో రెండుసార్లు, ఐదు. వదిన చేతిలో గొడుగు, మొహంలో నిష్ఠూరం, లోపలికొస్తూనే గొంతు తగ్గించి, "కారు కింద ఆపించాను మరిదీ. కళ్లకి గంతలు కూడా తెచ్చాను, దారిలో వెలుగు పడకుండా," అంది. 

"ఒక్క నిమిషం, వదినా. ఇది చూడండి. బాగైంది. టైము కూడా వేస్తుంది, ఆగిపోతే తెలిసిపోతుంది."

ఆవిడ తెర వంక చూసింది, అతని ఎర్రబడ్డ కళ్ల వంక చూసింది. "బాగానే ఉంది. దానికి చూపించు, నాకెందుకు," అంది. 

తలుపు సందు చేసి ఒళ్లు పక్కకి తిప్పి దూరాడు, తెర గుండెకి ఆనించుకుని. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, కాళ్లు కిందికి వేలాడేసి, బయల్దేరే మనిషిలా. కర్టెను అంచు దగ్గర దారంలాంటి వెలుగు. వంగి తెరని ఆ వెలుగుకి తిప్పి ఆమె ముందు పట్టుకున్నాడు, గుసగుసగా చెప్పుకుపోయాడు, వీ టూ, స్టిక్కరు, టేపు, ఒక్క లైను, ఇక ఎప్పటికీ అలా జరగదు, ఎప్పటికీ. ఆమె చాలాసేపు చదివింది, ఉన్నది ఒక్క మాటే అయినా. 

"ఆ రోజు అది పాడైందని నాకు తెలీదు," అంది. 

"నాకూ తెలీదు. అదే కదా నేను..."

"విను. పాడైందని తెలీదు కాబట్టి, నువ్వు ఇంట్లోనే ఉన్నావనుకున్నాను. రెండు గంటలు పిలిచాను. హాల్లోనే ఉన్నాడు, వింటున్నాడు, రావడం లేదు, అనుకున్నాను." మాటకి మాటకి మధ్య నొప్పి దాటుతున్నట్టు కణత నొక్కుకుంది. "తెర అబద్ధం చెప్పినందుకు కాదు నేను వెళ్తోంది. నేను నమ్మినందుకు. ఒక్కసారి కూడా, అబ్బే, ఆయన అలాంటి మనిషి కాదు, అనిపించలేదు నాకు. అలా ఎందుకు అనిపించలేదో చెప్పు. ఎప్పుడైనా విని రాకుండా ఉన్నావా?"

లేదు అనడానికి నోరు తెరుచుకుంది, ఎంత తేలిక, రెండక్షరాలు, కానీ గొంతులో మెట్లు అడ్డం పడ్డాయి, కింది అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్య మలుపులో ఉన్న మెట్లు, జబ్బు మొదలైన నాలుగో నెల, డ్యూటీ దిగి తాళంచెవి చేతిలో పట్టుకుని పైకొస్తుంటే తలుపవతల ఆమె గొంతు, వచ్చావా, వచ్చావా అని, అతను వచ్చాడు, వచ్చి ఆ మలుపులో కూర్చున్నాడు, బూట్లతో, ఒళ్లో టూల్‌బ్యాగు, ఇంకా పది నిమిషాలు ఎవరికీ ఏమీ కాకుండా ఉందామని, ఆ గొంతు ఆగేదాకా కూర్చున్నాడు, ఆగాక తాళం తీసి అప్పుడే వచ్చినట్టు గట్టిగా ఊపిరి తీశాడు, ఆ తర్వాత మళ్లీ హాల్లో బల్ల దగ్గర, పాత తెరకి వైర్లు అతికిస్తుంటే రెండుసార్లు పిలిచింది, సోల్డరింగ్ ఇనుము వేడెక్కింది, ఈ ఒక్క అతుకూ అయ్యాక అనుకున్నాడు, ఆ అతుకు తర్వాత ఇంకో అతుకు, ఆమె కోసమే కదా చేస్తున్నాను అనుకున్నాడు, ఆమె కోసం చేస్తూ ఆమె దగ్గరికి వెళ్లకపోవడం ఎంత సుఖంగా ఉందో అప్పుడు ఒంటికి తెలిసింది, మనసుకి తెలియనివ్వలేదు, ఏడు నెలలు తెలియనివ్వలేదు.

"అవును," అన్నాడు. "రెండుసార్లు."

ఆమె తల ఎత్తింది. చీకట్లో మొహం కనిపించడం లేదు, ఊపిరి వినిపిస్తోంది. "రెండోది నాకు తెలుసు," అంది. "సోల్డరు వాసన వచ్చింది. మొదటిది ఎప్పుడు?"

బయట నుంచి వదిన, "ఏమే, దిగుదామా? కారువాడు హారన్ కొట్టేలా ఉన్నాడు," అంది. 

"అక్కా, ఈ పూటకి పంపించెయ్. రేపు రమ్మను. రేపు వస్తానో రానో తర్వాత చెప్తాను."

"ఇప్పుడేమైందే?"

"ఏమీ కాలేదు. ఈయన ఏదో చెప్పాలి. ఆయనకి మాట బయటికి రావాలంటే చాలాసేపు పడుతుంది."

వదిన ఏదో గొణిగింది, మరిదికి వినపడాలనే గొణిగింది, మెట్లు దిగింది. అతను తెరని ముఖం కిందికి పెట్టి నేల మీద ఉంచాడు, వెనక్కి చెయ్యి చాచి తలుపు మూశాడు, లోపల్నుంచి. దారంలాంటి వెలుగొక్కటే మిగిలింది. మంచం మీద ఆమె పక్కన ఎంత చోటుందో చేత్తో తడిమి చూసుకుని కూర్చుని, మొదలుపెట్టాడు.